ఎవరి నోట ఎవరి కథ



మాస్టారి గదిలో పుస్తకాలు రచయితల పేర్ల వరసలో ఉండేవి కావు, ఊళ్ళ వరసలో ఉండేవి. విజయనగరానికి ఒక అర, శ్రీకాకుళానికి ఒక అర, విశాఖపట్నానికి రెండు. కడప, కర్నూలు కలిసి ఒకటి. నెల్లూరుకి ఒకటి. తెలంగాణకు కిటికీ పక్కన పొడుగుబల్ల. అన్నిటికన్నా కింద, నేలకు ఆనుకుని, ఒక చెక్కపెట్టె. దాని మీద సుద్దముక్కతో 'సముద్రం అవతల' అని రాసి ఉండేది. అడవివరం తోవలో ఆ చిన్న గదికి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఏ పుస్తకం కావాలని ఆయన అడగలేదు. 'ఏ ఊరి మనుషుల్ని చూస్తావమ్మా?' అని అడిగారు.

ఆ ప్రశ్నే ఇవాళ నా ఉపన్యాసానికి విషయం. మాస్టారి పేరు ఎక్కడా అచ్చు వేయించవద్దని ఆయన పిల్లలు కోరారు. ఆయనకూ అదే ఇష్టమయ్యేది. కాబట్టి మాస్టారనే అంటాను. ఇక్కడున్న చాలామందికి ఆ మాట చాలు.

పేర్ల సంగతి వచ్చింది కనక అక్కడే మొదలుపెడతాను. మన సింహాచలం కొండ చుట్టూ ఏ బడిలోనైనా హాజరుపట్టీ తెరిచి చూడండి. అప్పన్న, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ, అప్పలకొండ, సింహాద్రి, వరహాలు, నరసింగరావు. సింహాచలం అనే పేరు మగపిల్లాడికీ పెడతారు, ఆడపిల్లకీ పెడతారు. వెనకటి బెంచీలో ఒక సింహాచలం, ముందటి బెంచీలో రెండు జడల సింహాచలం. తెలుగునేల మీద ఇంకెక్కడికి వెళ్ళినా 'అప్పల' అనే ముక్క వినగానే, ఈ మనిషిది అప్పన్నబాబు ఏలుబడిలోని ఊరని తెలిసిపోతుంది. కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' కథలో నలిగిపోయే మనిషి పేరు అప్పల్రాముడు. ఒడియా సాహిత్యాన్ని తెలుగుకి తెచ్చిన విశాఖ రచయిత పేరు పురిపండా అప్పలస్వామి. పార్వతీపురం, శ్రీకాకుళం ప్రాంతాల రైతు బతుకు రాస్తున్న కథకుడు అట్టాడ అప్పల్నాయుడు. ఇది భక్తి గురించి చెప్పే మాట కాదు. ఒక పేరు తన వెంట ఒక నేలను ఎలా మోసుకొస్తుందో చెప్పే మాట. కథలో మనిషికి ఆ పేరు పెట్టి, ఆ నేల మాటను మాత్రం అతని నోట పెట్టకపోతే ఏమవుతుంది? మన కథాచరిత్రలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదేనని నేను అనుకుంటాను.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను అయిదో తరగతికి పట్నంలో ఒక బడిలో చేరాను. చేరిన వారానికి, ఆటల గంట కొట్టగానే తోటిపిల్లని 'బేగి రా, అప్పా' అని పిలిచాను. మా ఇంట్లో 'బేగి' అంటే త్వరగా, 'అప్ప' అంటే అక్క. టీచరుగారు నన్ను వరండాలో నిలబెట్టి 'త్వరగా రా' అని యాభైసార్లు రాయించారు. పలక మీద రాసిన ఆ అక్షరాల కన్నా, చుట్టూ చేరిన పిల్లల నవ్వు నాకు ఎక్కువ గుర్తు. ఆ రోజు నుంచి బడిలో ఒక నోరు, ఇంట్లో ఒక నోరు. పెద్దయ్యాక తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగమే చేశాను. అయినా మా అమ్మ పోయినరోజు తప్ప, నలుగురిలో 'బేగి' అనే మాట నా నోట రాలేదు.

మూడేళ్ళ కిందట, టొరంటోలో ఉంటున్న మా అమ్మాయి ఒక కథల పుస్తకం తెచ్చి ఇచ్చింది. రాసినామె సువన్‌ఖమ్ థమ్మవోంగ్సా. లావోస్ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం. 1978లో థాయిలాండ్‌లో ఒక శరణార్థి శిబిరంలో పుట్టి, కెనడాలో పెరిగిన మనిషి. ఆ పుస్తకానికి 2020లో అక్కడ ఎంతో గౌరవంగా చూసే గిల్లర్ బహుమతి వచ్చింది. మొదటి కథలో ఒక చిన్నపిల్ల బడి పుస్తకం ఇంటికి తెస్తుంది. కత్తికి ఇంగ్లీషువాళ్ళ మాట 'నైఫ్' అందులో ఉంటుంది. ఆ మాటకు మొదట 'కె' అక్షరం ఉంటుంది కాని పలకదు. ఇంట్లో ఇంగ్లీషు కాస్తో కూస్తో వచ్చినవాడు నాన్న ఒక్కడే. ఆయన ఆ అక్షరాన్ని పలికి చూపిస్తాడు. పిల్ల తరగతిలో అలాగే చదువుతుంది. తప్పన్నా ఒప్పుకోదు. అక్షరం ముందు నిలబడి ఉంటే దానికి చప్పుడు లేకపోవడమేమిటని ఆ పిల్ల వాదన. ఇంటికి వెళ్ళాక మాత్రం నాన్నతో ఆ సంగతి చెప్పదు. ఆ చెప్పకపోవడంలోనే కథంతా ఉంది.

ఆ కథ చదివి నేను చాలాసేపు లేవలేకపోయాను. లావో పిల్ల, టొరంటో బడి. సింహాచలం పిల్ల, విశాఖ బడి. దేశాలూ వేరు, దుఃఖాల కొలతలూ వేరు. ఆమె తండ్రి దేశమే పోగొట్టుకున్నాడు, నేను ఒక మాట పోగొట్టుకున్నాను. రెంటినీ ఒక తూకంలో వెయ్యను. కాని నాన్నని కాపాడుకోవడానికి ఆ పిల్ల మింగిన మాట లాంటిదే, మా అమ్మని కాపాడుకోవడానికి నేనూ మింగాను. 'సముద్రం అవతల' పెట్టెలోంచి మాస్టారు ఎందుకు పుస్తకాలు తీసి ఇచ్చేవారో నాకు అప్పుడు తెలిసింది.

ఇక మన కథలోకి వస్తాను. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. భర్త గోపాలరావు రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తాడు, భార్య కమలిని కనపడదు, ఉత్తరం కనపడుతుంది. ఇది అందరికీ తెలిసిన కథ. ఆ ఇంట్లో ఇంకొకడు కూడా ఉన్నాడు, నౌకరు రాముడు. వాడు మాట్లాడేది మన విజయనగరం వైపు పనివాళ్ళ మాట. ఆధునిక తెలుగు కథకు ఆదిలోనే ఉత్తరాంధ్ర యాస ఉంది, కాని ఎక్కడుంది? గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని ఉంది. కథ చెప్పే గొంతు చదువుకున్న ఇంటిది. రాముడి మాట ఉటంకింపు గుర్తుల మధ్య ఉంది. గురజాడవారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ రోజుల్లో నౌకరు మాటను అచ్చులోకి రానివ్వడమే పెద్ద తెగువ. కాని తర్వాత తరాలు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. పాలేరు, పనిమనిషి, గిరిజనుడు, జాలరి ఎవరొచ్చినా రెండు గుర్తుల మధ్య మాట్లాడి వెళ్ళిపోతారు. ఆ గుర్తులు దాటగానే చక్కటి పుస్తకాల తెలుగు మొదలవుతుంది. తమ కథలోనే వాళ్ళు చుట్టాలు.

ఇక్కడ గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకుండా ముందుకు వెళ్ళలేను. 1863లో పుట్టారు, మన శ్రీకాకుళం సీమలో, శ్రీముఖలింగానికి దగ్గరి ఊళ్ళో. వాడుకభాష కోసం పోరాడిన మనిషని బడిపిల్లలకూ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కాని ఆ పోరాటానికి ముందు ఆయన ఏం చేశారో అంతగా చెప్పుకోం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండల్లోని సవరల మాట నేర్చుకున్నారు. లిపి లేని భాష, రాత లేని భాష. సంతకు దిగి వచ్చిన మనుషుల నోట విని, రాసుకుని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. గ్రంథాల్లో లేనిది భాషే కాదనే పండితుల మాట మీద ఆయనకు కోపం ఎక్కడ పుట్టిందో నాకు అక్కడ కనపడుతుంది. సవర మాటలో ఎంత పొందిక ఉందో విన్న చెవి అది. అలాంటి చెవి తెలుగు కూలివాడి మాటను తప్పని ఎలా అంటుంది? 1936లో ఒడిశా వేరు రాష్ట్రమై పర్లాకిమిడి అటు వెళ్ళినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. విశాఖ జిల్లాలో ఉండిన కొరాపుట్ కొండసీమ కూడా ఆ ఏడే అటు వెళ్ళింది. గీత గీసినంత మాత్రాన మనుషులు విడిపోలేదు. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరిప్రదక్షిణలో ఒడియా మాట వినపడని ఏడాది ఉందా? గుడి గోడల మీద, స్తంభాల మీద తెలుగు, సంస్కృతం, ఒడియా శాసనాలు ఒకే కొండరాతిలో పక్కపక్కన ఉన్నాయి. వాటిని చెక్కినవాళ్ళు ఒకరి భాషకు ఒకరు అడ్డం రాలేదు.

సరే, ఆ గుమ్మం దాటించినవాళ్ళెవరు? నా మటుకు నాకు మొదట తలపుకొచ్చేది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు. వృత్తి ప్లీడరు, ఊరు విశాఖపట్నం. కోర్టు వరండాలో కూర్చుని చెవి ఒగ్గి విన్న మనిషి. 'ఆరు సారా కథలు'లోని 'మాయ' చూడండి. సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మ ఒక కుర్రప్లీడరుకు లోకం ఎలా నడుస్తుందో చెబుతుంది. పోలీసు, గుమస్తా, ప్లీడరు, మేజిస్ట్రేటు, వీళ్ళలో ఎవరి వాటా ఎంతో విడమరిచి చెబుతుంది. ఆ మాటలు రెండు గుర్తుల మధ్యే ఉన్నా, అవి పేజీల మీద పేజీలు సాగుతాయి. చదువుతూంటే ఒక చోట మనకు తెలియకుండానే కథ చేతులు మారిపోతుంది. చెప్పేది ముత్యాలమ్మ, వినేది ప్లీడరు. ఇంగ్లీషు న్యాయశాస్త్రం చదివినవాడు నోరు మెదపడు, చదువురాని ఆడమనిషి తీర్పు చెబుతుంది. యాస అక్కడ అలంకారం కాదు, నవ్వు పుట్టించే సరంజామా కాదు. అది ఆలోచన. ఆ తర్కం ఆ మాటలోనే సాధ్యం. అదే సంగతిని పుస్తకాల తెలుగులోకి మార్చి రాసి చూడండి, పత్రికలో సంపాదకీయం అవుతుంది. క్లాసులో పిల్లల చేత ఈ పని చేయించాను. పది వాక్యాలు మార్చేసరికి ముత్యాలమ్మ చచ్చిపోయింది. ఒక పిల్ల కలం కింద పెట్టేసి, 'మేడమ్, మా అమ్మమ్మని ఇస్త్రీ చేసినట్టుంది' అంది. సాహిత్య విమర్శలో ఆ పిల్ల మాట కన్నా మేలైన మాట నాకు దొరకలేదు.

కాళీపట్నం రామారావుగారి దారి వేరు. కారా మాస్టారు విశాఖలో సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. కథలోనూ లెక్కల మాస్టారే. ఒక్క మెట్టు దాటెయ్యరు. 'యజ్ఞం'లో అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, ఎన్నేళ్ళదో, తీర్పు చెప్పే పెద్దమనిషి ఎంత మంచివాడో అన్నీ వివరంగా పరిచి పెడతారు. అందరూ ధర్మంగానే మాట్లాడుతున్నట్టుంటుంది. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ కంబారిగా బతకకూడదని చేతులారా చంపుకొస్తాడు. 'కంబారి' అన్న మాట చూడండి. పాలేరు అనో జీతగాడు అనో రాయవచ్చు. కాని ఆ మాటలో ఉన్న తరతరాల బరువు వాటికి రాదు. 'జీవధార'లో నీళ్ళ కోసం గుడిసెల ఆడవాళ్ళు బంగళా కుళాయి దగ్గరికి వెళతారు. ఈ పట్నంలో బిందె పట్టుకుని వరసలో నిలబడ్డ ఏ ఆడమనిషికైనా ఆ కథ తెలుసు, చదవకపోయినా తెలుసు. తనకు పురస్కారాల్లో వచ్చిన డబ్బు కూడా పెట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒక చోట ఉండాలని ఆయన పట్టుదల. మంచి కథ, చెడ్డ కథ అని ఏరలేదు. ఏ ఊరి మనిషి రాసినా అక్కడ చోటుంది. మా మాస్టారు ఏడాదికి రెండుసార్లు శ్రీకాకుళం బస్సెక్కి అక్కడికి వెళ్ళొచ్చేవారు. తిరిగొచ్చి తన అరల వంక చూసుకుని, ఖాళీల లెక్క వేసుకునేవారు.

చాసోగారి గురించి గంటసేపు మాట్లాడగలను. ఇవాళ ఒక్క సంగతితో ఆపుతాను. చాగంటి సోమయాజులుగారి విజయనగరంలో బ్రాహ్మణ ఇంటి వయొలిన్ ఉంది, వీధిలో ముష్టివాళ్ళ పెళ్ళిచూపులూ ఉన్నాయి. 'వాయులీనం', 'ఎంపు' ఒకే చేతి రాతలు. రెంటిలోనూ పేదరికం ఏం అమ్మిస్తుందో, ఏం ఎంచుకోనిస్తుందో ఒకే చూపుతో చూశారు. ఇక రచయిత పతంజలిగారి ఊరు అలమండ. అది కథానికల్లో కన్నా చిన్న నవలల్లో పండింది. భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అని ఊరు ఊరంతా రెండుగా చీలిపోయే 'గోపాత్రుడు'లో, వాదనంతా మన మాటలోనే సాగుతుంది. రాజుగార్ల మాటా, రైతుల మాటా దేని రుచి దానిదే.

ఇప్పుడు మళ్ళీ సముద్రం దాటుతాను. 1971 జనవరి 20న విశాఖలో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అదే ఏడు అక్టోబరులో కెనడా ప్రధాని పియరీ ట్రూడో, తమ దేశంలో ఏ ఒక్క సంస్కృతీ అధికార సంస్కృతి కాదని పార్లమెంటులో ప్రకటించారు. 1988లో అది చట్టమైంది. చట్టం మంచిదే. కాని కథ చట్టం కోసం ఆగలేదు. బార్బడోస్ నుంచి వచ్చిన ఆస్టిన్ క్లార్క్ టొరంటో నల్లవాళ్ళ బతుకు అప్పటికే రాస్తున్నారు. గాబ్రియేల్ రాయ్ 1955లోనే మానిటోబాలోని తన ఫ్రెంచి వీధి కథలు ఫ్రెంచిలో రాశారు. కేప్ బ్రెటన్ దీవి గని కార్మికుల్ని, జాలర్లను రాసిన అలిస్టర్ మక్లౌడ్ కథల్లో చచ్చిపోతున్న గేలిక్ భాష పాటలుగా వినిపిస్తూ ఉంటుంది. బొంబాయి పార్శీ రోహింటన్ మిస్త్రీ 1987లో ఫిరోజ్‌షా బాగ్ అనే ఇళ్ళ సముదాయం కథలు అచ్చు వేశారు. వాటిలో చివరిది టొరంటోలో జరుగుతుంది. కొడుకు పంపిన కథల్ని బొంబాయిలో అమ్మా నాన్నా చదువుతూ మాట్లాడుకుంటారు. అక్కడి సంగతులు రాయకుండా ఇక్కడి మన సంగతులే రాస్తున్నాడేమిటని వాళ్ళ బెంగ.

ఆ బెంగ చిన్నది కాదు. వలసవచ్చిన రచయిత నుంచి ఆ దేశపు పాఠకులు ఒకటే కోరతారు, మీ ఊరి వింతలు చెప్పండి అని. అప్పుడు వైవిధ్యం అనేది సంతలో పరిచిన సరుకవుతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క దుకాణం. పార్శీవాడు పార్శీలనే రాయాలి, కరీబియన్ మనిషి కరీబియన్లనే రాయాలి. మనదగ్గరా ఈ ప్రమాదం ఉంది. ప్రాంతీయ కథల సంకలనం అనగానే అంబలి, చోళ్ళు, ఉప్పుచేప, అమ్మవారి పండగ ఉన్నాయా లేవా అని వెతికేవాళ్ళను చూశాను. అంబలి తాగే మనిషికి అంబలి వింత కాదు. అతను దాని గురించి రెండు పేరాలు వర్ణించడు. వర్ణన మొదలైందంటే, చెబుతున్నది బయటినుంచి వచ్చినవాడని అర్థం.

ఇందాక ఉక్కు మాట వచ్చింది కనక ఒక పోలిక చెబుతాను. కెనడా పడమటి తీరాన, బ్రిటిష్ కొలంబియాలో, హైస్లా ఆదివాసుల కిటమాట్ గ్రామం ఉంది. ఆ గ్రామానికి దగ్గర్లోనే 1950ల్లో అల్యూమినియం కర్మాగారం కోసం కిటిమాట్ అనే కొత్త పట్నం కట్టారు. దేశదేశాల పనివాళ్ళు వచ్చి అందులో స్థిరపడ్డారు. ఈడెన్ రాబిన్సన్ ఆ హైస్లా నేల మీద పెరిగిన రచయిత్రి. 1996లో 'ట్రాప్‌లైన్స్' అనే కథల పుస్తకం తెచ్చారు. ఆమె ఆదివాసీ వింతలేవీ చూపించరు. ఇంట్లో హింస, మత్తు, మంచు, పారిపోవాలనుకునే పిల్లలు. ఆ పుస్తకం చదువుతూంటే నాకు గాజువాక కనపడింది.

ఎందుకంటే మనకూ అలాంటి చోటొకటి ఉంది. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్ళు లేచిపోయాయి. ఊరు పోయినవాళ్ళకు పునరావాసం హామీగా ఆర్ కార్డులు చేతికిచ్చారు. అగనంపూడిలో, పెదగంట్యాడలో కాలనీలు వేశారు. నిర్వాసితుడన్న మాట ఇంటిపేరంత మామూలైపోయింది. గోడకవతల ఉక్కునగరం కట్టారు. అక్కడికి ఒడిశా, బీహారు, బెంగాలు, కేరళ నుంచి మనుషులొచ్చారు. వాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టారు. కార్తీకంలో ఛఠ్ పూజకు అర్ఘ్యం ఇస్తారు, సంక్రాంతికి భోగిమంట దగ్గరా నిలబడతారు. ఇక పాత విశాఖ ఉంది. ఓడరేవు 1933లో తెరిచారు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాది వేసింది. ఆ బొంబాయి కంపెనీ పేరు ఇవాళ మనకు బస్సు స్టాపు పేరు. సింధియాలో దిగేవాళ్ళలో ఎంతమందికి అదొక కంపెనీ అని గుర్తుంది? రేవు పక్కన ఒకే వరసలో మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత గుడి. చేపల రేవులో పడవల మీద తెలుగు జాలర్ల పక్కనే ఒడియా పనివాళ్ళు వలలు లాగుతారు.

ఇంత మంది ఉన్న ఊరు మన కథలో ఎంత ఉంది? బలివాడ కాంతారావుగారు రాశారు. భరాగోగారు రాశారు. వీళ్ళిద్దరి కథాసంపుటాలకూ కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలొచ్చాయి. ఇంకా రాస్తున్నవాళ్ళున్నారు. అయినా నా ఆకలి తీరలేదని ఈ వేదిక మీద చెప్పి తీరాలి. ఆర్ కార్డు బీరువాలో పెట్టుకుని నలభై ఏళ్ళు ఎదురుచూసిన తండ్రి కథ, ఆ తండ్రి నోట నాకు కావాలి. ఉక్కునగరం క్వార్టర్లో పుట్టి, తెలుగు బాగా వచ్చి, భోజ్‌పురి సగమే వచ్చి, ఏ ఊరమ్మా మీదంటే తడబడే పిల్ల కథ కావాలి. అది ఆ పిల్లే తెలుగులో రాయాలి. ఆమె తెలుగులో భోజ్‌పురి వాసన ఉంటే ఉండనివ్వాలి, సంపాదకుడు దిద్దకూడదు. బడిలో దిద్దిన పిల్ల కథ రాసినామెకే కెనడా చివరికి బహుమతి ఇచ్చిందని ఇందాకే చెప్పాను.

మన్యం వైపు ఈ పని మొదలైంది. వెనకటికి గోపీనాథ్ మహంతిగారు కొరాపుట్ కొండల్లో అధికారిగా తిరిగి, పరజా, కోందుల బతుకును ఒడియా నవలలుగా రాశారు. ఆయన 'అమృతర సంతాన' నవలకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గొప్ప ప్రేమతో రాసిన పుస్తకాలు. కాని సర్కారు బండి దిగి నడిచొచ్చిన మనిషి ప్రేమ అది. ఇవాళ మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు రాస్తున్నారంటే, కొండ మీది ఇంటిలోంచి బయటికి చూస్తున్న మనిషి రాస్తున్నాడు. చూపు దిక్కు మారింది. గిడుగువారు సవర మాట విని రాసుకున్నారు. ఇప్పుడు విన్నవాడే కాదు, పలికినవాడే రాస్తున్నాడు. ఈ మధ్య వందేళ్ళు గడిచాయి.

చివరగా మాస్టారి సంగతి ఒకటి. ఆయన కథలు రాయలేదని అందరూ అనుకుంటారు. నిజమే, అచ్చులో లేవు. కాని ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. గిరిప్రదక్షిణ రాత్రి ముప్ఫై కిలోమీటర్లకు పైగా నడిచే జనానికి, గది ముందు మజ్జిగ కుండలు పెట్టి గ్లాసులు అందించేవారు. అందిస్తూ ఒక్కొక్కరిని పేరు, ఊరు అడిగేవారు. తెల్లారాక గుర్తున్నంతవరకు రాసుకునేవారు. వాళ్ళబ్బాయి ఆ పుస్తకం నాకు చూపించాడు. పేజీ నిండా పేర్లు. కొన్నిటి పక్కన ఒకటి రెండు మాటలు, ఆ మనిషి అన్నవి అన్నట్టే.

ఒక పేజీ చదివి దిగిపోతాను. ఇది నాకు నోటికి వచ్చేసింది.

సింహాచలం. ఆడమనిషి. అరవై దాటుంటాయి. ఊరు ఉక్కులో పోనాది. ఇప్పుడు అగనంపూడి. ఏటేటా నడుస్తాదట. మోకాళ్ళు నొప్పిగా లేవా అప్పా అని అడిగినాను. నడిస్తే మా ఊరి చెరువు గట్టు గుర్తొస్తాది బాబూ, కూకుంటేనే నొప్పి అన్నాది. మజ్జిగ తాగి గలాసు కడిగి బోర్లించింది. బేగి ఎల్తాను, మనవరాలు ముందెల్లిపోనాది అన్నాది.